ఎంపీసీ సదానందం బిడ్డ

సదానందం ఏ ఇంటికి వెళ్లినా ముందు చెప్పులు విడుస్తాడు. తర్వాత చాయ్ తాగుతాడు. ఆ తర్వాత తనను తాను చూపిస్తాడు.

"నన్ను చూడుండ్రి. నేను సీఈసీ చదివిన. ఏమైన? మండుటెండల మీ ఇంటికొచ్చి మీ చాయ్ తాగుతాన్న. మీ పిల్లగాడు గిట్ల కావాల్నా?"

తల్లి లోపలి గది వైపు చూస్తుంది. తండ్రి సదానందం కాలరు వైపు చూస్తాడు. కాలరు అరిగి ఉంటుంది. వేరే చొక్కా లేక కాదు. భార్య రమ ఇస్త్రీ చేసి పెట్టిన మంచి చొక్కాలు బీరువాలో ఉన్నాయి. ఈ పనికి అరిగినదే కావాలి.

చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆ ఇంటి పిల్లవాడు ఎంపీసీలో చేరిపోయి ఉంటాడు. అతను గ్లాసులో చుక్క మిగిల్చాడన్న మాట అతని వాడ కాశిబుగ్గలో ఎవరూ ఎరుగరు.

సదానందం పీఆర్వో. హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి పదో తరగతి పిల్లల్ని తెచ్చి ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ కాలేజీ పేరు యజమానులు విడిపోయినప్పుడల్లా మారుతుంది, కాబట్టి ఇక్కడ పేరు అక్కరలేదు. బిల్డింగు మాత్రం అదే. కింద బైకుల షోరూము, పైన భవిష్యత్తు.

మామిడితోట పూత మీద ఉండగానే బేరం అయిపోయినట్టు, పిల్లలు పరీక్ష రాయకముందే, చలికాలంలోనే సీట్లు బుక్ అవుతాయి. కాయ ఎంత కాస్తుందో చెట్టుకే తెలియదు. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు.

సదానందం తండ్రి జంపకానాలు నేసేవాడు. ఆయన పోయాక మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచారు. పదో తరగతి పాసైన సదానందం ఇంటర్ దరఖాస్తు పట్టుకుని సర్కారు కాలేజీకి వెళ్లిన రోజు విపరీతమైన ఎండ. ఎంపీసీ వరస గేటు దాకా ఉంది. బైపీసీ వరస గోడ చుట్టూ తిరిగింది. ఒక వరసలో మాత్రం ఎవరూ లేరు. పైన ఫ్యాను కూడా తిరుగుతోంది. వెళ్లి దాని కింద నిలబడ్డాడు. అది సీఈసీ. పౌరశాస్త్రం, ఎకనామిక్స్, కామర్స్.

ఈ ఫ్యాను సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ రెండేళ్లూ కిటికీ పక్క కూర్చున్నాడు. కిటికీ బయట రోడ్డు బాగా కనిపించేది. ఎకనామిక్స్ సారు తరచు చాయ్ ఉదాహరణ ఇచ్చేవాడని గుర్తుంది. దేనికి ఉదాహరణో గుర్తులేదు. తర్వాత బీమా పాలసీలు అమ్మాడు, నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు, మడికొండ అవతల ప్లాట్లు అమ్మాడు. చివరికి చదువు. సరుకు మారింది గాని నోరు మారలేదు.

వాడలో అతన్ని ఎంపీసీ సదానందం అంటారు. అతనికి ఆ పేరు ఇష్టం.

అనుమానం మనుషులు ప్రతిచోటా ఉంటారు. చాయ్ పోసి, మాటలన్నీ విని, ఆఖరున ఒక ప్రశ్న అడుగుతారు.

"అంత బాగనే ఉన్నది సదానందం. మరి నీ బిడ్డను ఏడ ఏస్తవ్?"

"ఇగ ఏడ ఏస్త? మా కాలేజీలనే. ఎంపీసీలనే."

ఈ జవాబు ముందు అనుమానం నిలబడదు. తను తినే అన్నమే పక్కవాడికి పెడుతున్నాడు కదా మనిషి. సదానందం దగ్గర ఉన్నది ఈ ఒక్క జవాబు. దీన్ని తీసేస్తే మిగిలేది ఒక పాత స్కూటరు, ఒక అరిగిన కాలరు. బిడ్డ శ్రావణి మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఈ జవాబు చెబుతున్నాడు.

వేసవి సెలవుల్లో ఆ పిల్లను స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని ఇళ్ల వెంట తిప్పేవాడు. ఇంట్లో ఆమె అతన్ని బాపూ అనేది.

"బయట డాడీ అనాలె బిడ్డా," అని నేర్పాడు. "బాపు అంటే సర్కారు బడి అనుకుంటరు."

ఆమె బయట డాడీ అనేది. వాళ్లిచ్చిన బిస్కట్టు తింటూ తండ్రి మాట వినేది. అతని మాటను ఎదుటి ముఖాలు ఎలా వింటున్నాయో కూడా చూసేది. పిల్ల శ్రద్ధగా వింటోందని సదానందం మురిసేవాడు.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. శ్రావణికి మంచి మార్కులు వచ్చాయి. మర్నాడు పొద్దున కాశిబుగ్గ సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. కరెంటు స్తంభానికీ చెప్పుల దుకాణానికీ మధ్య శ్రావణి ముఖం తలుపంత పెద్దదిగా వేలాడింది. పక్కన కాలేజీ డీన్ భానుచందర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద ఎర్ర అక్షరాల్లో, ఈ కాలేజీయే ఎంపీసీకి నా ఎంపిక, అని ఉంది.

బిడ్డను అడిగాడా అంటే, అడగలేదు. ఎండాకాలం పోతే వాన వస్తుందా అని ఎవరైనా అడుగుతారా?

మధ్యాహ్నం శ్రావణి ఇంటికొచ్చి చెప్పులు విడిచింది.

"బాపూ, ఆ ఫ్లెక్సీల నేనేదో అన్నట్టు రాసిండ్రు. ఎప్పుడన్న?"

"అనేదేముంది బిడ్డా, తెలిసిందే గదా."

"నేను సీఈసీ తీసుకుంటాన్న. సర్కారు కాలేజీల. ఎకనామిక్స్ చదువుకుంట."

రమ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది. చెయ్యి ఆగింది. రొట్టె ఒకవైపు మాడింది.

"ఇంట్ల ఒక సీఈసీతోనే ఏగలేకపోతాన్న," అంది. "ఇంకోటా?"

సదానందం నవ్వాడు. జోకు అనుకున్నాడు. బిడ్డ ముఖం చూసి నవ్వు దించాడు.

"లెక్కలల్ల మార్కులు మంచిగనే వచ్చినయ్ గదా?"

"వచ్చినయ్."

"మరి లెక్కలు రానోళ్లు తీసుకునే గ్రూపు నీకెందుకు?"

"అది నువ్వు ఇంటింటికీ చెప్పే మాట బాపూ."

"అవును, అది బిజినెస్ మాట."

"నాకు చెప్పేది ఏం మాట మరి?"

సదానందం దగ్గర వేరే మాట లేదు. ఇన్నేళ్లు ఇంటింటికీ ఒకే మాట తిప్పినవాడికి ఇంట్లో వాడుకోవడానికి ఇంకొకటి దాచుకోవాలని తోచలేదు.

శ్రావణి గోడకు ఆనుకుని కూర్చుంది.

"నెక్కొండ మొండయ్య తాత యాదికున్నడా? మిర్చికి ధర మంచిగ వచ్చిందని ఆ మరుసటేడు ఊరు ఊరంత మిర్చే పెట్టిండ్రు. పంట గూడ మంచిగ పండింది. ఏనుమాముల మార్కెట్ల బస్తాల మీదనే పండుకున్నరు, కొనేటోడు లేక. తాత నిన్నడిగిండు, అన్ని మంచిగ చేసినం గదా అల్లుడా, గిట్లెందుకైంది అని. నువ్వేమన్నవ్?"

"ఏమన్న?"

"టైం బాగలేదు మామా అన్నవ్."

"అంతే గదా మరి."

"అంతే కాదు బాపూ. మా సోషల్ మేడంను అడిగిన. అది ఎకనామిక్స్ల ఉంటది, ఇంటర్ల చదువుకో అన్నది. అప్పటిసంది నాకు అదే కావాలె." శ్రావణి తండ్రి వైపు తిరిగింది. "ఊరంత మిర్చి పెట్టినట్టు, వాడ వాడంతటితోని నువ్వు ఎంపీసీ పెట్టిస్తాన్నవ్."

రమకు నవ్వు వచ్చింది. మాడిన రొట్టె మొగుడి పళ్లెంలో వేసింది.

రెండు రోజుల తర్వాత భానుచందర్ ఇంటికి వచ్చాడు. కాలేజీలో దీన్ని కౌన్సెలింగ్ అంటారు. మే నెలలో కూడా టై కట్టుకుంటాడు. పిల్లలందర్నీ నాన్నా అంటాడు, పేర్లు గుర్తుండవు కాబట్టి. అతను ఏం చదివాడో కాలేజీలో ఎవరికీ తెలియదు. డీన్ అయ్యాక ఆ ప్రశ్న వేసేవాళ్లు ఉండరు.

"చూడు నాన్నా," అన్నాడు కుర్చీలో సర్దుకుని. "ఎకనామిక్స్ల ఏముంటది? రోజు పేపర్ చదివితే వచ్చేస్తది."

"మీరు చదువుతరా సార్?"

"నాకు టైమెక్కడిది నాన్నా."

సదానందం ఫ్యాను వేగం పెంచాడు.

"పోనీ మీ కాలేజీల సీఈసీ ఎందుకు లేదు సార్?"

"డిమాండ్ లేదు."

"డిమాండ్ అంటే?"

"అంటే... అడిగేటోళ్లు లేరు నాన్నా."

"నేనడుగుతాన్న గదా."

"ఒక్కరడిగితే డిమాండ్ కాదు."

"ఎంతమంది అడిగితే అయితది సార్? అడిగేటోళ్లు లేరని మీరు పెట్టలేదా, మీరు పెట్టలేదని అడుగుతలేరా?"

డీన్ సదానందం వైపు చూశాడు. సదానందం రమ వైపు చూశాడు. రమ పకోడీల పళ్లెం డీన్ ముందుకు జరిపింది. ఆ పూట ఆయనకు జవాబు దొరికిన ప్రశ్న అదొక్కటే. పళ్లెం ఖాళీ చేసి లేచాడు.

మెట్ల దగ్గర సదానందం భుజం మీద చెయ్యి వేసి, "పిల్లకు ఎవరో నూరిపోసిండ్రు," అన్నాడు. "పోనియ్యి. కాని సీజన్ అయ్యేదాక ఎవలకు తెల్వనియ్యకు. తెలిస్తే మనిద్దరం అయిపోతం."

ఇద్దరం అన్నాడు గాని, డీన్ వేరే కాలేజీలో కూడా డీన్ కాగలడు. ఆ సంగతి సదానందానికి తెలుసు.

శ్రావణి సర్కారు కాలేజీలో చేరింది. తండ్రి నిలబడ్డ వరసలోనే. ఈసారి కూడా అందులో జనం లేరు. ఫ్యాను చెడిపోయింది.

సదానందం తెల్లవారకముందే వెళ్లి ఫ్లెక్సీ విప్పాడు. చుట్టచుట్టి ఇంట్లో మంచం కింద పెట్టాడు. చుట్టపుచూపుగా వచ్చిన మొండయ్య దాన్ని చూసి బర్రెల కొట్టానికి పనికొస్తుందని నెక్కొండకు పట్టుకుపోయాడు. మొండయ్య రమకు చిన్నాయన. ఆయనకు ఏ వస్తువు చూసినా కొట్టమే గుర్తొస్తుంది.

దాచినంత మాత్రాన వాడ చూడకుండా ఉంటుందా? పొద్దున పిల్ల ఏ దిక్కుకు నడిచి పోతోందో చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లందరికీ కనిపిస్తుంది.

"ఏం సదానందం, ఊరందర్ని బస్సెక్కించి నీ బిడ్డను నడిపిస్తానవేంది?"

"డాక్టరు నడవమన్నడా పిల్లను?"

"కాదు రా, ఎంపీసీలు అయిపోయినయంట. ఉన్నయన్ని మనకే అమ్మిండు."

అతను గట్టిగా దగ్గేవాడు. ఇళ్లలో ఆఖరి ప్రశ్న వచ్చినప్పుడు కూడా దగ్గు వచ్చేది. దగ్గు జవాబు కాదు. చేరతామన్న ఇళ్లు రెండు మూడు చల్లబడ్డాయి. డీన్ ఫోను ఎత్తడం తగ్గించాడు.

దసరా ముందు ఒకరోజు మొండయ్య నెక్కొండకు రమ్మని కబురు పెట్టాడు. సదానందం వెళ్లాడు. వాకిట్లో అడుగు పెట్టగానే ఎదురుగా బిడ్డ ముఖం. కొట్టం మీద ఫ్లెక్సీ కప్పి ఉంది. భానుచందర్ సగం అవతలి వైపుకు మడత పడ్డాడు. కింద బర్రె నెమరేస్తోంది.

వాకిట్లో నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ఇక్కడ కూడా అయిపోయింది అనుకున్నాడు సదానందం. అందర్నీ పిలిచి మరీ తిట్టించేటట్టున్నాడు.

మొండయ్య చాయ్ తెప్పించాడు. అతను తాగేదాకా ఆగాడు.

"అల్లుడా, మాకాడ దాచకు."

"ఏంది మామా?"

"నీ బిడ్డ ఫ్లెక్సీల ఒకటి ఉన్నది, చదివేది ఇంకోటి అంట."

"మామా, అది..."

"చెప్పేది ఇను. మన విత్తనాల దుకాణపాయన ఉన్నడు. మనకు రంగు రంగు ప్యాకెట్లు అంటగడ్తడు. తన చేన్ల ఏమేస్తడో చూసిరాపో. వేరే విత్తనం ఉంటది. ఊర్లె తెలివిగల్లోళ్లందరు ఆయన చేను గట్టు మీదికి పోయి చూసి వస్తరు. నువ్వు మాకు ఎంపీసీ అమ్ముతవ్. నీ ఇంట్ల సీఈసీ ఏసుకున్నవ్. అంటే ఏంది?"

రైతులందరూ సదానందం ముఖంలోకి చూశారు.

"నా మనుమన్ని గూడ అండ్లనే ఏసేయ్," అన్నాడు మొండయ్య. "ఈళ్లయి గూడ."

సదానందం నోరు తెరిచాడు. నా బిడ్డ నా మాట వినలేదు మామా, అంతే. ఈ మాట నాలుక మీదికి వచ్చింది. నిజం, పైగా పొట్టి మాట. చెప్పేస్తే అయిపోయేది.

నోరు మూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఎవలకు చెప్పకు మామా."

సాయంత్రానికి మండలమంతా తెలిసింది.

చలికాలం వచ్చేసరికి భానుచందర్ తనే ఫోను చేశాడు. "సదానందం, డిమాండ్ వచ్చింది!"

డిమాండు వచ్చాక గ్రూపు ఆగుతుందా? ఎకనామిక్స్ ప్లస్ సివిల్స్ ఫౌండేషన్ అని పేరు పెట్టారు. ఏసీ గది అన్నారు. చెప్పేదెవరు సార్ అని సదానందం ఒకసారి అడిగాడు. ముందు పిల్లల్ని తేనియ్యి, చెప్పేటోన్ని చూద్దాం అన్నాడు డీన్. కొత్త కరపత్రం మీద శ్రావణి పాత ఫొటోనే వేశారు. కింద, మా ఎకనామిక్స్ బ్యాచ్‌కు స్ఫూర్తి, అని రాశారు.

సదానందం బీరువా తెరిచి ఇస్త్రీ చొక్కా తీశాడు. మళ్లీ ఇళ్లకు బయల్దేరాడు. చెప్పులు విడిచి, చాయ్ తాగి, మొదలుపెట్టేవాడు.

"నన్ను చూడుండ్రి. నేను సీఈసీ చదివిన."

అవే మాటలు. ఇప్పుడు కాలరు తెల్లగా, కరకరలాడుతూ ఉంది. తల్లులు లోపలి గది వైపు చూసేవాళ్లు. తండ్రులు కాలరు వైపు చూసేవాళ్లు. ఆఖరి ప్రశ్న కూడా ఎవరూ అడగడం లేదు. జవాబు కరపత్రం మీద ఫొటోతో సహా అచ్చయి ఉంది.

కరపత్రం ఒకటి ఇంట్లో శ్రావణి కంటపడింది.

"నేను మీ కాలేజీల చదువుతలేను గదా బాపూ."

"చదువుతానవని ఏడ రాసినం? స్ఫూర్తి అని రాసినం."

ఆమె కరపత్రం మడిచి ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది. బల్ల ఊగడం మానేసింది. సదానందం ఊపిరి పీల్చుకున్నాడు. గొడవ కాలేదు.

మళ్లీ జూన్ వచ్చింది. శ్రావణి రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే తండ్రి ఎదుట నిలబడింది.

"ఫస్టియర్ సీఈసీ తరగతి గది ఖాళీగ ఉన్నది బాపూ. పిల్లలు రాకపోతే గ్రూపు ఎత్తేస్తరంట. ఆసిమా మేడంను వేరే ఊరికి ఏస్తరంట. ఇగ నాకు ఎకనామిక్స్ చెప్పేటోళ్లు ఉండరు."

ఆసిమా మేడం ఎకనామిక్స్ లెక్చరర్. ఆమె పేరు ఆ ఇంట్లో రోజూ వినపడుతుంది. మేడం ఇట్లన్నది, మేడం అట్లన్నది. రమ కూరగాయలు కొనేటప్పుడు కూడా ఆమె పేరు వాడటం మొదలుపెట్టింది.

"అయ్యో. ఎందుకు రాలేదు పిల్లలు?" అన్నాడు సదానందం. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

"నువ్వు ఏసీ గదిల కూసోబెట్టినవ్ గదా, వాళ్లే."

"నేనొక్కన్నేనా బిడ్డా? కాలేజీల పీఆర్వోలు మస్తుమంది ఉన్నరు."

"ఫొటో మాత్రం నాది ఒక్కదాన్నదే ఉన్నది."

సదానందం ఆ రాత్రి అన్నం తక్కువ తిన్నాడు. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బతుకు నడవాలి కదా.

మొగిలమ్మ ఇల్లు రైల్వే గేటు వైపు సందులో ఉంది. ఆమె సాయంత్రం మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. కొడుకు మడికొండ ఐటీ పార్కు గేటు దగ్గర కాపలా. రోజంతా కార్లకు గేటు తెరుస్తాడు. ఆ కార్లలో ఒక దాంట్లో తన బిడ్డ కూర్చుని పోవాలని అతని కోరిక. అందుకని మొదట్లో ఆ ఇల్లు ఎంపీసీ ఇల్లు. సదానందమే చేశాడు. ఇప్పుడు వచ్చి మార్చాలి.

చెప్పులు విడిచాడు. చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి, కరపత్రం తీసి మొగిలమ్మ చేతికిచ్చాడు.

"అవ్వా, నన్ను చూడు. నేను సీఈసీ..."

వాకిట్లో మళ్లీ చెప్పుల చప్పుడు. ఇద్దరు ఆడవాళ్లు. ముందున్నావిడ తల చుట్టూ దుపట్టా, భుజాన గుడ్డ సంచి. వెనక శ్రావణి.

"సలాం అమ్మా," అంది ఆవిడ. "నేను సర్కారు జూనియర్ కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్‌ను. ఆసిమా అంటరు. మీ ఇంట్ల పదో తరగతి పాసైన పిల్ల ఉన్నదని వచ్చినం."

శ్రావణి తండ్రిని చూసింది.

"బాపూ," అంది.

బయట ఉన్నప్పుడు డాడీ అనాలని ఎన్నిసార్లు చెప్పాడో.

మొగిలమ్మ వాళ్లకూ చాయ్ పోయించింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని కరపత్రం దగ్గరికి తెచ్చుకుంది. ఫొటో చూసింది. శ్రావణిని చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

"గీ పిల్ల నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా."

"మరి గీమెతోని తిరుగుతానవేంది? గీ కాగితం మీద అయ్య కాలేజీల ఉన్నవ్, కాళ్లతోని సర్కారు కాలేజీల ఉన్నవ్." మొగిలమ్మ సదానందం వైపు తిరిగింది. "నాకు చదువు రాదు కొడుకా. జర అర్థమయ్యేటట్టు చెప్పు. నీ బిడ్డ మీ కాలేజీల చదువుతాందా?"

ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. ఏడాది కింద దగ్గుతో తోలేసిన ప్రశ్న. అతను దగ్గబోయాడు. దగ్గు రాలేదు. ఆసిమా సంచి ఒళ్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. శ్రావణి మాత్రం చూపు తిప్పలేదు. చిన్నప్పుడు బిస్కట్టు తింటూ చూసిన చూపే అది. అప్పట్లో దాన్ని శ్రద్ధ అనుకున్నాడు.

లేదు అన్నాడా, మొగిలమ్మ ఇల్లు పోతుంది. మొగిలమ్మ సాయంత్రం మార్కెట్లో కూర్చుంటుంది కాబట్టి మార్కెట్ కూడా పోతుంది. అవును అన్నాడా, ఎదురుగా కూర్చున్నది ఎవరు మరి?

"లేదవ్వా," అన్నాడు సదానందం. "సర్కారు కాలేజీలనే చదువుతాంది. ఈ మేడం దగ్గర."

"నువ్వే ఏసినవా?"

"నేనెయ్యలే. నేను వద్దన్న. అదే పోయింది."

మొగిలమ్మ కరపత్రం నాలుగు మడతలు వేసింది.

"అయితే నీ మాట నీ ఇంట్లనే నడవలే. మరి మా ఇంటికొచ్చి నడిపిస్తానవా?"

ఆసిమా నవ్వు ఆపుకోవడానికి చాయ్ ఊదింది. సదానందం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"పిల్లనే అడుగుదాం అవ్వా."

మొగిలమ్మ విస్తుపోయింది. "దాన్నడిగేదేంది? అది చదువుకునే పిల్ల. దానికేం తెలుసు?"

శ్రావణి పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విని లోపలి గది తలుపు తెరుచుకుంది. మొగిలమ్మ మనుమరాలు తడిచేతులు తుడుచుకుంటూ గడప మీద నిలబడింది. ఈ ఇంటికి సదానందం ఇన్నిసార్లు వచ్చాడు. ఆమె మార్కులు తెలుసు, తండ్రి ఫోను నంబరు తెలుసు. పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"అన్నీ ఇన్న," అంది ఆ పిల్ల. "తీసుకో అంటరు, వద్దంటరు. ఆ ఎకనామిక్స్ల ఏముంటదో ఒక్కలన్న చెప్పుండ్రి ముందుగాల."

న్యాయమైన ప్రశ్న. అందరూ సదానందం వైపు చూశారు. రెండేళ్లు చదివినవాడు, చలికాలం నుంచి అమ్ముతున్నవాడు అతనే. అతనికి ఒక కిటికీ గుర్తొచ్చింది. కిటికీ బయట రోడ్డు గుర్తొచ్చింది. ఒక ఫ్యాను గుర్తొచ్చింది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు.

ఆసిమా శ్రావణి మోచేతిని తట్టింది. "నువ్వు చెప్పు బేటా."

శ్రావణి గడప దగ్గరికి జరిగి కూర్చుంది. ఆ పిల్ల కూడా కూర్చుంది.

"మీ నాయినమ్మ టమాటలు సాయంత్రం ఎంతకిస్తదో చీకటి పడినంక అంతకే ఇస్తదా?"

"ఇయ్యది. తక్కువకిస్తది."

"ఎందుకు?"

"తెల్లారితే పాడైతయ్ గదా."

"మరి ఉల్లిగడ్డ అమ్మేటోడు చీకటి పడినంక ధర తగ్గిస్తడా?"

ఆ పిల్ల ఆలోచించింది. "తగ్గియ్యడు. కుప్పమీద గోనె కప్పి పోతడు."

"ఇద్దరు ఒక్క మార్కెట్లనే ఉన్నరు. ఒకలు ఆగలేరు, ఒకలు ఆగుతరు. ఆగలేనోళ్లకు ఎప్పుడు తక్కువే ఎందుకొస్తది, ఏం చేస్తే ఆగగలుగుతరు? అక్కడిసంది మొదలైతది. ఇగ మీ ఇంట్ల చాయ్ ఉన్నదనుకో. మొదటి గ్లాసు అమృతం లెక్క ఉంటది. వెంటనే ఇంకోటి పోస్తే అంత ఉండది. ఇంకోటి పోస్తే..."

సదానందం తలెత్తాడు. చాయ్! చాయ్ ఉదాహరణ. దేనికో ఇప్పుడు చెప్పబోతోంది. అతను కూర్చున్న చోటి నుంచి కొంచెం ముందుకు జరిగాడు. కాలరు నలిగింది.

"ఓ సదానందం," అంది మొగిలమ్మ. "చాయ్ సల్లారుతాంది, తాగవా?"

"ఉండవ్వా," అన్నాడు బిడ్డ వైపు నుంచి తల తిప్పకుండా. "జర విననియ్యి."